ఎండాకాలానికి పెద్ద పుస్తకమే

ఎండాకాలం వచ్చిందంటే తేలికపాటి పుస్తకాలు చదువుకోమని సలహాలు మొదలవుతాయి. బస్సెక్కి తెరిస్తే దిగేలోగా అయిపోయేవి, సగంలో వదిలేసినా ఏమీ పోనివి. కర్నూలు, కడపల్లో ఎండలు చూసినవాళ్లకు ఆ సలహా అతకదు. ఇక్కడ పొద్దున తొమ్మిదికే తారురోడ్డు కాలుతుంది. మే నెలలో 44, 45 డిగ్రీలు మనకు వింత కాదు. తెల్లారకముందే ఉపాధి పనికి పోయినవాళ్లు కూడా పదకొండుకల్లా ఇల్లు చేరుకుంటారు. ఇక పొద్దు వాలేదాకా బయట అడుగు పెట్టే పని లేదు. ఏడాదంతా వెతికినా దొరకని నిడివైన మధ్యాహ్నాలు వరుసగా చేతికొస్తాయి. వాటిని చిల్లర పుస్తకాలకు ఖర్చు చేయడానికి నాకు మనసొప్పదు. మన ఎండాకాలానికి పెద్ద పుస్తకమే కావాలి.

సీమ పల్లెలకు ఇది పాత అలవాటే. శనగ కోతలయ్యాక తొలకరి పడేదాకా మెట్ట చేన్లలో పనుండదు. పెండ్లిళ్లు, తిరణాళ్లు, నాటకాలు అన్నీ ఆ ఖాళీలోనే. చిత్తూరు వైపు ద్రౌపదమ్మ గుళ్ల దగ్గర ఎండాకాలంలోనే భారతం పెడతారు. పగలు హరికథ, రాత్రి వీధినాటకం, చివరికి నేలమీద మట్టితో చేసిన భారీ దుర్యోధనుడి బొమ్మ, ఆయన వధ. పద్దెనిమిది పర్వాల కథను అక్షరం రాని రైతు కూడా వరుస తప్పకుండా చెప్పగలిగాడంటే, ఎండాకాలాన్ని ఆ కథకు రాసిచ్చినందువల్లే. మనం మాత్రం అదే కాలానికి పలచటి కథలు చాలనుకుంటున్నాం.

ఏ పెద్ద పుస్తకం? నన్నడిగితే మొదట మన దావల్లో నడిచిన పుస్తకం. ఏనుగుల వీరాస్వామయ్య 1830 మే 18న, సరిగ్గా ఎండలు మండే రోజుల్లో, చెన్నపట్నం నుంచి కాశీకి బయలుదేరాడు. మద్రాసు సుప్రీంకోర్టులో దుబాసీ ఆయన. పల్లకీలో, పెద్ద పరివారంతో, తిరుపతి, కడప, అహోబిలం, శ్రీశైలం మీదుగా సాగి, 1831 సెప్టెంబరులో తిరిగి ఇల్లు చేరాడు. దారిలో మిత్రుడికి రాసి పంపిన సంగతులే 1838లో ‘కాశీయాత్ర చరిత్ర’గా అచ్చయ్యాయి. ఏ ఊళ్లో నీళ్లు మంచివి, ఎక్కడ అంగళ్లున్నాయి, ఎక్కడ దిగడానికి చోటుంది అన్నది వదలకుండా రాశాడు. నీళ్ల కోసం ఊరు ఊరునా వాకబు చేసే మనిషి సీమవాళ్లకు పరాయివాడు ఎట్లవుతాడు?

ఒక ఎండాకాలం ఈ పుస్తకాన్ని మా ఇంట్లో గట్టిగా చదువుకున్నాం. పడసాలలో నాపబండల మీద నీళ్లు చల్లి తుడిస్తే కాసేపు ఒంటికి చల్లగా ఉండేది. మిద్దె మధ్యన గవాచిలోంచి దిగిన వెలుతురు నేలమీద పలకంత మేర పడేది. అది జరిగినకొద్దీ పుస్తకం పట్టుకుని నేనూ జరిగేదాన్ని. అవ్వ గోడకానుకుని వినేది. అహోబిలం పేరు రాగానే ఆమె చేతిలో విసనకర్ర ఆగింది.

“ఏ దావన పోయినాడంట, మళ్లా సదువు నాయనా. మేమూ తిరణాలకు బండ్లు కట్టుకోని పోయింటిమి” అంది.

ఎక్కడ ఎద్దుల్ని విప్పిందీ, ఏ బావి నీళ్లు తియ్యగా ఉండిందీ, ఏ చింతచెట్టు కింద సంగటి ముద్దలు తిన్నదీ వరుసగా చెప్పుకొచ్చింది. ఆ పూట పుస్తకంలో రెండు పేజీలు కూడా ముందుకు సాగలేదు. మంచి పుస్తకాన్ని ఎట్లా గుర్తుపట్టాలని ఎవరడిగినా నేను ఆ మధ్యాహ్నాన్నే చెబుతాను. పక్కన కూర్చున్నవాళ్ల నోట మాట తెప్పించిన పుస్తకం మంచిది.

అంతకంటే దగ్గరగా, మీ ఊరి సంగతే కావాలనుకుంటే కైఫియత్తులున్నాయి. ఈస్టిండియా కంపెనీ సర్వేయరు కల్నల్ మెకంజీ మనుషులు రెండు వందల ఏళ్ల కిందట ఊరూరా తిరిగి, కరణాలను, పెద్దలను అడిగి, గుడి ఎవరు కట్టించారు, చెరువు ఎవరు తవ్వించారు, ఊరికి ఆ పేరు ఎందుకొచ్చింది అన్నవి రాయించారు. 1820లో కడపకు వచ్చి, తెలుగు నేర్చుకుని, పండితులను ఇంట్లో పెట్టుకుని తాళపత్రాల్ని పరిష్కరింపజేసిన సి.పి. బ్రౌన్ పేరు మీద కడపలో భాషా పరిశోధన కేంద్రం ఉంది. జానుమద్ది హనుమచ్ఛాస్త్రి ఏళ్ల తరబడి తిరిగి నిలబెట్టిన సంస్థ అది. కడప జిల్లా కైఫియత్తులను సంపుటాలుగా అచ్చువేసింది ఆ కేంద్రమే. మొదటి పేజీ నుంచి చివరిదాకా చదవాల్సిన పుస్తకాలు కావవి. మీ ఊరు వెతుక్కోండి, తర్వాత అమ్మమ్మ ఊరు, ఆ తర్వాత చుట్టుపక్కల ఊళ్లు. పిల్లలకు ఇంతకుమించిన వేసవి ఆట నాకు తోచదు.

కథ లేనిదే పొద్దు గడవదనుకునేవాళ్లకు సన్నపురెడ్డి వెంకట్రామిరెడ్డి ‘కొండపొలం’ చెబుతాను. కరువులో మేత, నీళ్లు దొరక్క గొర్రెల కాపరులు మందల్ని తోలుకుని నల్లమల ఎక్కుతారు. చదువుకున్న కుర్రవాడొకడు వాళ్ల వెంట పోయి, అడవిలో భయాన్ని పోగొట్టుకుంటాడు. తానా నవలా బహుమతి పొందిన ఈ పుస్తకం 2021లో సినిమాగా కూడా వచ్చింది. సినిమా చూసినవాళ్లు సైతం నవల చదవాలి. గొర్రె నడకను బట్టి దాని రోగం చెప్పగల మనుషుల తెలివి అందులో అక్షరాలా కనిపిస్తుంది. విద్వాన్ విశ్వం ‘పెన్నేటి పాట’ చదివాక ఎండిన పెన్న ఇసుకను వంతెన మీంచి ఊరకే చూసి పోలేం. కేతు విశ్వనాథరెడ్డి కథలకు 1996లో కేంద్ర సాహిత్య అకాడెమీ పురస్కారం వచ్చింది. రోజుకొక కథ చదివి, మరుసటి రోజంతా దాని గురించి ఆలోచించుకోవచ్చు. వేంపల్లె షరీఫ్ ‘జుమ్మా’లో ముస్లిం ఇండ్ల పేదరికం, అమ్మల ఓర్పు ఇంటి మాటల్లోనే ఉంటాయి.

సొంత నేల పుస్తకాలతోనే ఆగిపొమ్మని నా ఉద్దేశం కాదు. ఈ జిల్లాల చదువరులు ఎన్నడూ అట్లా ఆగలేదు. కడప జిల్లా మనిషి రాచమల్లు రామచంద్రారెడ్డి మాస్కో ప్రగతి ప్రచురణాలయంలో కూర్చుని రష్యన్ పుస్తకాలను తెలుగులోకి తెచ్చాడు. ఆ పని నేర్పిన పాఠాలతో ఆయన రాసిన ‘అనువాద సమస్యలు’కు 1988లో అకాడెమీ పురస్కారం దక్కింది. కొడవటిగంటి కుటుంబరావు సాహిత్యాన్ని సంపుటాలుగా కూర్చిపెట్టింది కేతు విశ్వనాథరెడ్డే. అందుకే నా లెక్క ఇది: ఒక పుస్తకం మన నేలది, ఒకటి దూరదేశానిది, ఒకటి ఇంటిల్లిపాదీ వినేది. మూడు చాలు. పది తెచ్చి పెట్టుకుంటే పదింటి అట్టలే మిగులుతాయి.

వేళ కూడా చూసుకోవాలి. తెల్లవారుజామున మిద్దె మీద గాలి ఆడుతున్నప్పుడు కష్టమైన పుస్తకం. పగటి పూట బండల మీద నవల. రాత్రి భోజనాలయ్యాక అందరూ మిద్దె ఎక్కినప్పుడు గట్టిగా చదివేది. పిల్లలకు మనం ఎంచిపెట్టకూడదు. గ్రంథాలయంలో అరల ముందు వదిలేసి, నడుమ ఒక పేజీ తెరిచి గట్టిగా చదవమనాలి. నాలుక ఎక్కడా తడబడక, తర్వాతి పేజీ వాళ్లంతట వాళ్లే తిప్పితే ఆ పుస్తకం వాళ్లదే.

ఇదంతా డబ్బున్నవాళ్ల ముచ్చటగా మిగలకూడదని నా పట్టుదల. రాజద్రోహ నేరం మీద 1908లో జైలుకు పోయిన గాడిచర్ల హరిసర్వోత్తమరావు కర్నూలులో పుట్టినవాడే. జైలు నుంచి వచ్చాక ఆయన బతుకులో పెద్ద భాగం గ్రంథాలయాలకు, వయోజన విద్యకు వెచ్చించాడు. పుస్తకం పేదవాడి చేతికి అందాలన్నదే గ్రంథాలయ ఉద్యమం మొత్తానికి ప్రాణం. ఈనాడు మనం కట్టే ఇంటిపన్నులో రూపాయికి 8 పైసలు గ్రంథాలయ సెస్సు ఉంది. అంటే ఊళ్లోని శాఖా గ్రంథాలయం మన సొమ్ముతో నడుస్తున్నది. అక్కడ పత్రికలు చదివి లేచి వచ్చేవాళ్లే ఎక్కువ, పుస్తకం కావాలని అడిగేవాళ్లు తక్కువ. వేసవి విజ్ఞాన శిబిరాలు పెట్టినప్పుడు పిల్లల్ని పంపండి. మీరూ ఎండ ముదరకముందే పోయి సభ్యత్వం కట్టండి. పైన చెప్పిన పుస్తకాల పేర్లు కాగితం మీద రాసుకుపోయి అడగండి. లేకపోతే తెప్పించమని రాసివ్వండి. పదిమంది రాసిస్తే ఆ పేర్లు కొనుగోలు పట్టికకు ఎక్కే వీలుంటుంది. వచ్చే ఎండాకాలానికి మీ ఊరి పిల్లలు వాటిని అరల్లోంచి తీసుకోగలుగుతారు.