అగ్గిపుల్లల పాఠం

సైకిలు చక్రంలోని గాలి వెనక్కు రాకుండా ఆపే వాల్వు ట్యూబు చూడడానికి సన్నని రబ్బరు గొట్టం. అదే ఒక ఇంజనీరు దారిని మార్చింది.

అరవింద్ గుప్తా 1975లో కాన్పూరు ఐ.ఐ.టి.లో చదువు ముగించి, పూణేలో లారీలు తయారుచేసే కర్మాగారంలో చేరారు. 1978లో సెలవు పెట్టి మధ్యప్రదేశ్‌లోని హోషంగాబాదు పల్లెలకు వెళ్లారు. అక్కడ బడిపిల్లలకు ప్రయోగాల ద్వారా విజ్ఞానశాస్త్రం నేర్పుతున్నారు. ఖరీదైన పరికరాలు ఎక్కడినుండి వస్తాయి? సంతలో దొరికేవే పరికరాలు కావాలి. మందు గీకేసిన అగ్గిపుల్లలను వాల్వు ట్యూబు ముక్కల్లో గుచ్చి ఆయన ఆకారాలు కట్టారు.

నాలుగు పుల్లల చతురస్రాన్ని ఒక మూల నొక్కితే పక్కకు ఒరుగుతుంది. మూడు పుల్లల త్రిభుజం ఒరగదు. ఇంటి కప్పుల్లో, రైలు వంతెనల్లో త్రిభుజాలు ఎందుకుంటాయో ఇక వేరే చెప్పనక్కరలేదు, వేళ్లకే తెలిసిపోతుంది.

తరువాత ఆయన ఉద్యోగం మానేశారు. నెలనెలా వచ్చే జీతాన్ని వద్దనుకోవడం ఎవరికీ తేలిక కాదు. పుల్లలు, పాత కాగితాలు, పారేసిన డబ్బాలు పట్టుకొని ఊరూరా బడులకు తిరిగారు. ఉపన్యాసం తక్కువ, చేయించడం ఎక్కువ. పిల్లలు బొమ్మ విరగ్గొడితే ఆయనకు కోపం రాదు. లోపల ఏముందో చూడాలంటే విప్పాలి కదా!

2003 నుండి పదకొండేళ్లు పూణేలోని ఖగోళ పరిశోధన సంస్థలో పిల్లల విజ్ఞాన కేంద్రాన్ని నడిపారు. 2018లో పద్మశ్రీ వచ్చింది. తన బొమ్మల తయారీని మాత్రం ఆయన అమ్ముకోలేదు, అందరికీ ఉచితంగా ఇచ్చేశారు. రెండు పుల్లలు కలిసిన ట్యూబు ముక్కకు నడుమ ముల్లుతో రంధ్రం చేసి, మూడో పుల్ల గుచ్చితే బల్లమీది త్రిభుజం పైకి లేచి పిరమిడ్ అవుతుంది.