లండన్‌లో షేరు, కోలారులో చెమట



“అయ్యగారూ, షేర్లలో డబ్బు పెట్టడం పాపమా?” ఈ మధ్య ఆరాధన అయ్యాక మన యౌవనస్థులు మమ్మల్ని తరచుగా అడుగుతున్న ప్రశ్న ఇది. దీనికి జవాబు వెదకడానికి బొంబాయి దాకా పోనక్కరలేదు. మన కుప్పానికి దగ్గరలోని కోలారు బంగారు గనుల చరిత్ర చూస్తే చాలు.

1880లో జాన్ టేలర్ సంస్థవారు మైసూరు గోల్డ్ మైనింగ్ కంపెనీని పెట్టి లండన్‌లో షేర్లు అమ్మారు. కొన్నేళ్ళు తవ్వినా చెప్పుకోదగ్గ బంగారం పడలేదు. డబ్బు అయిపోవచ్చింది. మూసివేద్దామని వాటాదారులు అనుకుంటుండగా, మిగిలిన సొమ్ముతో మరొక ప్రయత్నం చేశారు. అప్పుడు ఛాంపియన్ అనే బంగారు పొర దొరికింది. ఓపిక పట్టినవారికి గొప్ప లాభం వచ్చింది.

చాలామంది ఈ కథను ఇక్కడితో ఆపేస్తారు. కానీ అదే రోజుల్లో వయనాడు కొండల్లో బంగారముందని లండన్‌లోనే ఎన్నో కంపెనీలు షేర్లు అమ్మాయి. దాదాపు అన్నీ మునిగిపోయాయి. గెలిచినవాడు ఊరంతా చెప్పుకుంటాడు, పోగొట్టుకున్నవాడు నోరు విప్పడు. ఫోనుల్లో మీకు వచ్చే లాభాల ఫోటోలు కూడా అంతే.

మరి ఆ బంగారం తీసింది ఎవరు? మన చిత్తూరు వైపు పల్లెల నుండి, తమిళ ప్రాంతాల నుండి వెళ్ళిన కూలీలు. గని లోతు 3 కిలోమీటర్లు దాటింది. ఆ వేడిలో, ఎప్పుడు బద్దలవుతాయో తెలియని రాళ్ళ మధ్య, రాతి దుమ్ము పీలుస్తూ పనిచేశారు. 800 టన్నులకు పైగా బంగారమిచ్చి, 2001 ఫిబ్రవరి 28న ఆ గనులు మూతపడ్డాయి. అక్కడి సైనైడ్ మట్టిదిబ్బలు ఇప్పటికీ అలాగే ఉన్నాయి.

షేరు అంటే ఒకరి కష్టంలో మనకు వచ్చే వంతు. వంతు తీసుకోవడం పాపం కాదు. తలాంతుల ఉపమానంలో ప్రభువు వడ్డీ సంగతి కూడా చెప్పారు. ఉన్నదంతా ఒకేచోట పెట్టకుండా పలువురికి పంచమని ప్రసంగి 11వ అధ్యాయం నేర్పుతుంది. అయితే పనివారికి ఎగ్గొట్టిన కూలి దేవునికి మొరపెడుతుందని యాకోబు 5వ అధ్యాయం హెచ్చరిస్తుంది. కనుక ఆ కంపెనీ ఏమి చేస్తుందో, పనివారిని ఎలా చూస్తుందో తెలుసుకుని డబ్బు పెట్టండి.

కానీ మన పిల్లలలో కొందరు ఆడుతున్నది ఫ్యూచర్స్, ఆప్షన్స్. అందులో దిగినంత మాత్రాన ఏ కంపెనీలోనూ వంతు చేతికి రాదు. గడువులోపల ధర పెరుగుతుందా, తగ్గుతుందా అని పందెం కాయడమే ఎక్కువ. 2021-22 నుండి మూడు ఆర్థిక సంవత్సరాల లెక్కలు తీసి, అందులో దిగిన మామూలు మనుషుల్లో 100కి 93 మంది నష్టపోయారని సెబీ 2024లో చెప్పింది. ఒక్కొక్కరికి సగటున సుమారు 2 లక్షలు. మన ఇళ్ళలో అది పాలు పోసి కూడబెట్టిన సొమ్ము, బిడ్డ కాలేజీ ఫీజు, తాకట్టులో ఉన్న అమ్మ గాజులు.

గోపురం కట్టేవాడు ముందు కూర్చుని ఖర్చు లెక్క చూసుకుంటాడని ప్రభువు చెప్పారు గదా. ముందు అప్పులు తీర్చండి. ఆసుపత్రి ఖర్చుకు కొంత పక్కన ఉంచండి. అయిదారేళ్ళు ముట్టనవసరం లేని డబ్బు ఉంటేనే షేర్ల వైపు చూడండి. అప్పు చేసి మాత్రం వద్దు. ఇంట్లో భార్యకు, తల్లికి చెప్పలేని పెట్టుబడి అసలే వద్దు.

ఇప్పటికే పోగొట్టుకుని ఎవరికీ చెప్పుకోలేక కుమిలిపోతున్న బిడ్డ ఎవరైనా ఇది చదువుతుంటే, దయచేసి ఒంటరిగా ఉండవద్దు. మా దగ్గరకు రండి, రాత్రయినా ఫరవాలేదు. మేము తిట్టము, సంఘంలో చెప్పము. ప్రార్థన చేసుకుని, అప్పు ఎంతో కాగితం మీద వ్రాసుకుని, తీర్చే దారి కలిసి చూద్దాము. పోయిన డబ్బు కంటే మీ ప్రాణం ప్రభువుకు ఎంతో విలువైనది.

దేవుడు మీ కష్టార్జితమును ఆశీర్వదించి కాపాడును గాక. ఆమెన్.