ఇసుకల జమ్మి

ఫిబ్రవరి 16, 2024, శుక్రవారం, బిదియా, ఒమాన్

ట్యాంకర్ నీళ్లు తొట్టిలకు వదులుతుంటే మేకల బాబా దోసెడు పండ్లు తెచ్చి నా చేతుల పోసిండు. రేగుపండ్లే. ఇక్కడ పండును నబక్ అంటరు, చెట్టును సిద్ర్ అంటరు. మన గంగరేగంత ఉండవు గని తియ్యగున్నయి. ఆకు ఎండబెట్టి, దంచి తలకు రుద్దుకుంటరట, మన కుంకుడుకాయ లెక్క. చనిపోయినోళ్లకు పోసే స్నానం నీళ్లలో కూడా ఆ ఆకే కలుపుతరని చెప్పిండు. ఆ మాట విన్నంక రెండో దోసెడు తినబుద్ధి కాలేదు. జేబుల పోసుకొని, దారిల తిన్న.

ఏప్రిల్ 26, శుక్రవారం

14న మొదలైన వానలకు ఈ షర్కియా ప్రాంతమంతా అతలాకుతలమైంది. సమద్ అల్ షాన్‌ దగ్గర బడిపిల్లలు వాగులో కొట్టుకపోయిండ్రు. ఆ వారం ఈ రాసుకునే పుస్తకం తెరవలే.

ఇప్పుడు చూస్తే ఇసుక అంచున పచ్చదనం. తంగేడు లెక్క పసుపు పూలు, చెట్టు మాత్రం జానెడే. అమ్మకు ఫొటో పెడితే వాయిస్ మెసేజ్ వచ్చింది: "నేలతంగేడు కొడుకా. కడుపు బిగిస్తే ఇస్తరు. ఎక్కువైతే మాత్రం ఆగదు." బాబాను అడిగితే ఇష్రిక్ అన్నడు, పొట్ట మీద చెయ్యి పెట్టి కిందికి జార్చి చూపిండు. ఇంక అనువాదం అక్కర్లేకపోయింది. ఆయుర్వేదం దుకాణంల అమ్మే సునాముఖి కూడా ఈ జాతిదే. ఆ పేరు అరబ్బీ 'సనా మక్కీ' నుంచి వచ్చిందంటరు. ఇన్నేండ్లు అది సంస్కృతమే అనుకున్న.

అమ్మ మాట రూముల చెప్పిన, ఒకడు ఇనలేదు. పిడికెడాకు మరిగించి తాగి, రాత్రంతా బాత్రూం వదల్లే. తెల్లారి ఓఆర్ఎస్ కలిపి తాగించినం.

మొన్న వాదీ బనీ ఖాలిద్ పోయినప్పటి సంగతి ఇంకో తీరు. కోడి కాల్చుకుందామని పిలగాడొకడు నీటి ఒడ్డున గులాబీ పూల కొమ్మలు ఇరిచి ముక్కలు గుచ్చుతున్నడు. అటు నుంచి ఒక ఒమానీ పెద్దమనిషి కేకేసుకుంట ఉరికొచ్చి పుల్లలన్నీ గుంజి పారేసిండు. "హబన్! హబన్!" తర్వాత గుర్తుపట్టిన, గన్నేరు. మా ఊర్ల పసిపిల్లలకు కూడా తెలుసు, అది ఇషమని. పూలు చూసుకుంట నేను ఊకున్న. సిగ్గేసింది. ఇంటికాడ గన్నేరు ఇంటి ముందట కనపడుతది కాబట్టి గుర్తుపడుతం, వాగులో పెరిగితే కొత్త చెట్టై కూసుంటది.

జూన్ 7, శుక్రవారం

రాజస్థాన్ కార్పెంటర్ సంచి పట్టుకొని దిబ్బల కాడికి పోతుంటే తోలుకపోయిన. సన్నటి కాయలు కోస్తున్నడు. "సాంగ్రీ! మా ఊర్ల పెండ్లికి ఇది లేకపోతే కూరే లేదు. చెట్టు పేరు ఖేజ్డీ." ఈ చెట్టును ఇక్కడోళ్లు ఘాఫ్ అంటరు. దీని నీడన తొమ్మిదేండ్లుగా ట్యాంకర్ ఆపుకొని అన్నం తింటున్న. వేర్లు ముప్పై మీటర్ల లోతుకు కూడా పోతయట, అందుకే ఈ ఎండల పచ్చగుంటది.

ఆకు ఫొటో అమ్మకు పంపిన. మెసేజ్ కాదు, ఫోనే చేసింది. "ఓరి, గది జమ్మి కాదురా!"

ఏటేటా దసరాకు మా ఊరి నుంచి ఎవరొస్తే వాళ్ల పర్సుల నాలుగు జమ్మాకులు పెట్టి పంపేది. మస్కట్‌ల చెయ్యి మారి బిదియా చేరేసరికి పొడిపొడి.

జూలై 26, శుక్రవారం

సలాలా నుంచి ట్రైలర్ నడిపే దోస్తు వచ్చిండు. అక్కడ ఖరీఫ్, జల్లు, పొగమంచు. మన పొలాల ఖరీఫ్ మాట కూడా అరబ్బీదే. హోజరీ లుబాన్ అనే ధూపపు బంక గడ్డలు తెచ్చిండు, లేత ఆకుపచ్చ ఛాయ. రాత్రి నీళ్లల నానేసి పొద్దుగాల తాగితే కడుపుకు మంచిదంటరు ఇక్కడ. గుడిల ధూపం నాలుక మీద పెట్టినట్టుంది. ఒక్క గుటకతో ఆపిన. చెట్టు తొక్క చెక్కితే పాలు కారి గడ్డకడుతది, రెండు వారాలకు గీకుతరు. ఆ చెట్లున్న వాదీ దౌకాను 2000ల యునెస్కో వారసత్వ జాబితాల పెట్టిండ్రు. మన అడవిల అందుగు చెట్టు దానికి చుట్టమే.

అక్టోబర్ 12, శనివారం, దసరా

సెలవే. తెల్లారక ముందే స్నానం చేసి ఘాఫ్ కాడికి పోయిన. ఈ దేశంల చెట్టు నరికితే జుర్మానా, అందుకని రెండు చిన్న రెమ్మలే తుంచిన, అదీ బాబాను అడిగి. ఎందుకని అడిగిండు. పాండవులు ఆయుధాలు దాచిన కత నాకొచ్చిన హిందీల చెప్పిన. ఎంత సమజైందో తెల్వదు. దసరానాడు పాలపిట్టను చూడాలని మా ఊర్ల పొలాలెంబడి తిరుగుతం, ఇక్కడ కరెంటు తీగ మీద రోజూ కూసుంటది. ఇయ్యాల కూడా ఉంది.

"చిన్నప్పుడు కరువొస్తే ఈ లేతాకు వండుకొని తిన్నం," అన్నడు బాబా.

మేమైతే తినం, బంగారమని పెద్దల చేతుల పెడతమని చెప్పి, ఆయన అరచేతుల నాలుగాకులు పెట్టి మోకాళ్లకు దండం పెట్టిన. లేపి అలాయ్ బలాయ్ తీసుకున్నడు. ఆయన భుజం మీంచి చూస్తున్న, తెల్లమేక ఒకటి మెడ చాచి, నా ఎడమ చేతిల మిగిలిన రెమ్మను నిమ్మళంగ నములుతున్నది.