కొండెక్కిన దీపం

విశాఖ నుండి అరకు చేరడానికి రైలు మార్గం ఒకటి, రోడ్డు మార్గం ఒకటి ఉన్నాయి. రైలు ప్రయాణమే మనోహరమని అనుభవజ్ఞులు చెబుతారు. కాదనలేము. యాభైకి పైగా సొరంగాలను దాటుకుంటూ లోయల అంచున సాగే ఆ ప్రయాణానికి సాటి లేదు. అయినా 2022 డిసెంబరులో మేము రోడ్డు మార్గాన్నే ఎంచుకోవలసి వచ్చింది. కారణం మా అమ్మ. ఆమె చూడాలనుకున్నది అరకును కాదు, అరకుకు ముందు వచ్చే శిమిలిగుడ అనే చిన్న స్టేషనును. రైలు అక్కడ ఆగేది కొద్దిసేపే. మోకాళ్ళ నొప్పులతో, డెబ్బై ఆరేళ్ళ వయసులో, దిగి తనివితీరా చూసి మళ్ళీ ఎక్కడం సాధ్యమయ్యే పని కాదు.

కొత్తవలస - కిరండూల్ రైలు మార్గాన్ని 1960 దశకంలో నిర్మించారు. బైలదిల్లా కొండల ఇనుప ఖనిజాన్ని విశాఖ రేవుకు చేర్చి, జపానుకు ఎగుమతి చేయడం దాని ముఖ్యోద్దేశం. ఆ పనులలో మా నాన్నగారు ఒక చిన్న ఉద్యోగి. పెళ్ళయిన కొత్తలో అమ్మ కాపురానికి వచ్చింది శిమిలిగుడ దగ్గర వేసిన రేకుల షెడ్డుకు. సముద్ర మట్టానికి దాదాపు 996 మీటర్ల ఎత్తున ఉన్న ఆ స్టేషను ఒకప్పుడు దేశంలోని బ్రాడ్‌గేజ్ స్టేషన్లన్నిటిలో ఎత్తైనదిగా పేరు పొందింది. నాన్నగారు కాలం చేసిన తరువాత అమ్మ ఆ చోటును ఒక్కసారి చూపించమని అడుగుతూనే ఉంది. జనవరిలో ఆమె మోకాలికి శస్త్రచికిత్స నిర్ణయమైంది. ఈ లోగానే వెళ్ళి రావాలని పట్టుబట్టింది.

ఇక వాహనం సంగతి. మా ఇంట్లో ఉన్నది నాన్నగారు పదవీ విరమణకు ముందు కొన్న 1998 నాటి అంబాసిడర్. ఆ కార్ల తయారీ 2014లోనే ఆగిపోయింది. అద్దె కారు మాట్లాడతామంటే అమ్మ ఒప్పుకోలేదు. కొత్త కార్లలో సీటు కిందికి ఉంటుందనీ, కూర్చుంటే లేవలేననీ ఆమె ఫిర్యాదు. అది నిజమే. కాని ఆ సంవత్సరం వర్షాకాలం నుండి మా కారు ముందు పలకమీద ఒక ఎర్ర దీపం వెలుగుతూనే ఉంది. అది బ్యాటరీకి ఛార్జింగు అందడం లేదని హెచ్చరించే దీపం. కొన్నాళ్ళు మిణుకుమిణుకుమంటుంది, కొన్నాళ్ళు ఎర్రగా మండుతుంది. ఒక వర్క్‌షాపులో ఫ్యాన్ బెల్టు మార్చారు. మరొకచోట కొత్త బ్యాటరీ వేశారు. మూడోచోట ఆల్టర్నేటరు విప్పి కార్బన్ బ్రష్షులు మార్చారు. మా జేబు తేలికయింది కాని దీపం మాత్రం ఆరలేదు.

తెల్లవారుజామున అయిదు గంటలకు అమ్మ, మా శ్రీమతి, అమ్మాయిలతోబాటు ఇన్‌స్ట్రుమెంటేషన్ విభాగంలో పనిచేసే మా మిత్రునితో కలిసి బయలుదేరాము. మిత్రుడు తన మల్టీమీటరును సంచిలో వేసుకున్నాడు. పెందుర్తి, కొత్తవలస దాటేదాకా చీకటే. ఎర్ర దీపం కణకణలాడుతోంది. చీకటిలో ఏ దీపమైనా ప్రకాశంగానే కనిపిస్తుంది కదా అని సరిపెట్టుకున్నాము. శృంగవరపుకోట చేరేసరికి తెల్లవారింది. హెడ్‌లైట్లు ఆపాము. ఎర్ర దీపం చేయి అడ్డుపెట్టి చూస్తేగాని కనిపించనంతగా తగ్గింది.

టీ కొట్టు దగ్గర ఆగినప్పుడు ఒక జీపు డ్రైవరు మా అవస్థ చూసి, "ఆ బల్బు పీకేయండి సార్, మనశ్శాంతి" అని సలహా ఇచ్చాడు. నిజం చెప్పాలంటే ఆ క్షణాన అది సబబుగానే తోచింది. మిత్రుడు మాత్రం ససేమిరా అన్నాడు. కంట్రోల్ రూములో అలారం మోగగానే పరుగెత్తికెళ్ళి దాని నోరు నొక్కేవారినీ, ప్యానెలు మీద చీటీ అతికించి షిఫ్టు గడిపేసేవారినీ మన సంస్థలో చూడనివారు ఉండరు. ఇంతకూ కారులో ఆ బల్బు వట్టి అలంకారం కాదు. తాళం తిప్పగానే దాని గుండా ఆల్టర్నేటరులోకి ప్రవహించే కొద్దిపాటి కరెంటే అందులో తొలి అయస్కాంత శక్తిని పుట్టిస్తుంది. బల్బు పీకితే చాలా కార్లలో ఛార్జింగు మొదలవడమే కష్టమవుతుంది. లేని రోగాన్ని మనమే తెచ్చిపెట్టుకున్నట్లన్నమాట.

మిత్రుడు ఇంజను నడుస్తుండగా బ్యాటరీ మీద మీటరు పెట్టాడు. 14.1 వోల్టులు చూపించింది. ఛార్జింగు భేషుగ్గా ఉందన్నమాట. దీపం అబద్ధం చెబుతోందని తేల్చుకుని ధైర్యంగా ముందుకు సాగాము. ఆ తీర్పులో మేము కొంత తొందరపడ్డాము.

కాశీపట్నం దాటగానే ఘాట్ రోడ్డు మొదలవుతుంది. మలుపు వెంట మలుపు. ఒకవైపు కొండ, మరొకవైపు దట్టమైన అడవి. ట్యాడ దాటిన తరువాత మంచు కమ్ముకొచ్చింది. పది గజాల అవతల ఏమున్నదో తెలియదు. హెడ్‌లైట్లు వేశాము. ఎదురుగా వస్తున్న బస్సుకు దారి ఇవ్వడానికి ఆగినప్పుడు వెనుక సీటులోంచి మా అమ్మాయి, "నాన్నా, పెద్ద లైట్లు వేసినప్పుడే ఎర్ర లైటు పెరుగుతోంది" అన్నది. మిత్రుడు స్విచ్చి నొక్కి చూశాడు. హెడ్‌లైట్లు వేస్తే ఎర్ర దీపం మండుతోంది, ఆపితే మిణుకుమంటోంది. ఆరు నెలలుగా మెకానిక్కులందరూ పట్టపగలు షెడ్డులో నిలబెట్టి, లైట్లు ఆపి పరీక్షించిన కారు అది. పగటి వేళ లైట్లు వేయించిన ఘనత అనంతగిరి మంచుదే!

అనంతగిరిలో ఒక పక్కన ఆపి, ఈసారి మీటరును ఫ్యూజు బాక్సు దగ్గర పెట్టాడు. లైట్లు లేనప్పుడు 13.3 వోల్టులు, లైట్లు వేస్తే 11.9. బ్యాటరీ దగ్గర మాత్రం 14.1 చెక్కుచెదరలేదు. ఆ దీపానికి రెండు కొసలు. ఒక కొస ఆల్టర్నేటరుకు, రెండో కొస తాళంచెవి స్విచ్చి గుండా ఫ్యూజు బాక్సు వైపు కలిపి ఉంటాయి. రెండువైపులా వోల్టేజీ సమానమైతే కరెంటు ప్రవహించదు, దీపం ఆరిపోతుంది. ఆల్టర్నేటరు పని చేయనప్పుడు అటువైపు తగ్గి దీపం వెలుగుతుంది. అందరికీ తెలిసినది ఇదే. కాని తాళంచెవి వైపు వోల్టేజీ తగ్గినా ఆ దీపం వెలుగుతుంది, కాకపోతే కరెంటు ఎదురుదిశలో పారుతుంది. అందుకే ఆల్టర్నేటరును ఎన్నిసార్లు విప్పినా ప్రయోజనం లేకపోయింది.

మరి మధ్యలో పోయిన రెండు వోల్టులు ఎక్కడికి పోయినట్టు? బ్యాటరీ నుండి ఫ్యూజు బాక్సుకు వచ్చే లావుపాటి తీగను వేళ్ళతో తడుముతూ పోయిన మిత్రుడు చటుక్కున చేయి వెనక్కి తీసుకున్నాడు. డాష్‌బోర్డు వెనుక నల్లటి టేపు చుట్టిన ఒక అతుకు కాలిపోతోంది. ముక్కు దగ్గర పెడితే కమురు వాసన. రెండు వోల్టులకు పైగా నష్టం, దాని గుండా పదిహేను ఆంపియర్లు. లెక్కవేస్తే ముప్ఫై వాట్ల పైచిలుకు వేడి. టంకం పెట్టే సోల్డరింగ్ ఐరన్ సాధారణంగా 25 వాట్లు. అంటే వెలిగించిన సోల్డరింగ్ ఐరన్ ఒకదాన్ని తీగల కట్టలో పెట్టుకుని, పైన అమ్మను కూర్చోబెట్టుకుని ఘాట్ ఎక్కుతున్నామన్నమాట. మా శ్రీమతి ముఖం పాలిపోయింది. దీపం అబద్ధమాడలేదు. మేమే దాని మాటను ఒక్క అర్థంలోనే విన్నాము.

అక్కడ విప్పి బాగుచేయడానికి పనిముట్లు లేవు. లైట్లు వేయకుండా మంచులో నడపలేము. ఎండ వచ్చేదాకా ఆగడమే మార్గమని ఇంజను ఆపి, దుకాణం ముందు బల్లమీద కూర్చున్నాము. అనంతగిరి కాఫీ తోటల నడుమ సిల్వర్ ఓక్ చెట్లు, వాటికి పాకిన మిరియాల తీగలు మంచులోంచి ఒక్కొక్కటిగా బయటపడుతున్నాయి. ఆ రెండు గంటలూ అమ్మ మాట్లాడుతూనే ఉంది. రేకుల షెడ్డు, రాత్రిళ్ళు సొరంగాల కోసం పేల్చే మందుగుండు, ఆ అదటుకు వంటింట్లో గలగలలాడే గిన్నెలు. గాలికి లాంతరు నిలిచేది కాదట. "దీపం కొండెక్కిందండీ" అని తాను అంటే, "మనమే కొండెక్కి కూర్చున్నాము, దీపం ఎక్కితే తప్పేమిటి" అనేవారట నాన్నగారు. ఈ మాట ఇన్నేళ్ళలో మేము ఎన్నడూ వినలేదు.

పదిన్నరకు ఎండ వచ్చింది. సుంకరిమెట్ట మీదుగా శిమిలిగుడ చేరాము. రేకుల షెడ్డు ఆనవాలు లేదు. ఎక్కడ ఉండేదో అమ్మ కూడా చెప్పలేకపోయింది. స్టేషను బెంచీ మీద కూర్చుని కొండల వైపు చూసింది. ఖనిజం నింపుకున్న గూడ్సు ఒకటి నేల అదిరేలా విశాఖ వైపు సాగిపోయింది. చివరి వ్యాగను మలుపు తిరిగేదాకా అటే చూసి, "చలి మాత్రం అదే" అన్నది. అరగంట తరువాత తనంత తానే లేచింది.

అరకులో సంతకు పోయే దారిలో ఒక రేకుల పాకలో ఎలక్ట్రీషియన్ దొరికాడు. మిత్రుడు చెప్పినది సాంతం విని, బ్యాటరీ తీగ విప్పి, టేపు కోశాడు. లోపల రాగి తీగలు పచ్చని చిలుము పట్టి ఉన్నాయి. పైపూత గోధుమ రంగుకు తిరిగి, గోరు తగిలితే పెళుసుగా రాలింది. ఎప్పుడో పాటల టేప్‌రికార్డరు బిగించినప్పుడు ఎవరో తీగను కోసి, మెలివేసి, టేపు చుట్టి వదిలేశారు. ఆ పైన విశాఖ ఉప్పుగాలి తన పని తాను చేసింది. కారు తయారుచేసినవారి తప్పు ఇందులో ఏమీ లేదు. అతడు పాడైన భాగాన్ని కత్తిరించి, కొత్త తీగ వేసి, కొసలు గీకి, టంకం పెట్టి బిగించాడు. నలభై నిమిషాల పని. నూట యాభై రూపాయలు తీసుకున్నాడు. అంతకు ముందు మేము ఖర్చు పెట్టినది ఇక్కడ రాయడం మా శ్రీమతికి ఇష్టం లేదు.

ఇంజను వేసి, హెడ్‌లైట్లు వేశాము. ముందు పలక చీకటిగా ఉంది.

"ఏమైంది బాబూ?" అని వెనుక నుండి అమ్మ అడిగింది.

"ఆరిపోయిందమ్మా!" అన్నాము ఉత్సాహంగా.

"అలా అనకూడదు. కొండెక్కిందనాలి" అన్నది.

మరునాడు వలిసె పూల పొలాలు చూసుకుని, మధ్యాహ్నం దాటాక తిరుగు ప్రయాణమయ్యాము. ట్యాడ దగ్గర మళ్ళీ మంచు దిగింది. హెడ్‌లైట్లు వేసి ఘాట్ దిగాము. హెడ్‌లైట్ల వెలుగు మునుపటికన్నా తెల్లగా, దూరంగా పడుతోంది. శృంగవరపుకోటలో అదే టీ కొట్టు దగ్గర ఆగి మిత్రుడు మరోసారి ఆ తీగను తడిమి చూశాడు. చల్లగా ఉంది.