జాడీలో దాచిన పండగ

జర్మన్ల పండగ అనగానే ఎవరికైనా గుర్తొచ్చేది మ్యూనిక్ అక్టోబర్‌ఫెస్టే. ఊరంత గుడారాలూ, లీటరు పట్టే గాజు మగ్గులూ, తోలు నిక్కర్లూ, బ్యాండు మేళాలూ... అదో పెద్ద జాతర! 2023లో అయితే ఏకంగా 72 లక్షల మంది వెళ్లారట. దాని పుట్టుక ఓ పెళ్లి. 1810 అక్టోబరు 12న బవేరియా యువరాజు లుడ్విగ్‌కీ రాకుమారి థెరీసాకీ వివాహమైంది. ఆ సంబరాల్లో భాగంగా ఐదు రోజుల తర్వాత మ్యూనిక్ శివారు మైదానంలో గుర్రప్పందాలు పెట్టారు. జనానికి తెగ నచ్చేసింది. మరుసటేడూ పెట్టారు. అలా అలా ఏటా జరిగే వేడుకైంది. అక్టోబరు చలికి తట్టుకోలేక తర్వాతి కాలంలో సెప్టెంబరుకి జరిపారు. పేరు మాత్రం అలాగే ఉండిపోయింది.

అదే రోజుల్లో, ఆ మైదానానికి వేల మైళ్ల దూరంలో, అమెరికాలోని ఇళ్ల పెరళ్లలో కూడా ఈ పండగ జరుగుతుంది. తమ మూలాలు జర్మనీలో ఉన్నాయని 2020 జనాభా లెక్కల్లో చెప్పుకున్న అమెరికన్లు దాదాపు నాలుగున్నర కోట్ల మంది. వాళ్లలో చాలామందికి జర్మన్ రాదు. ఆ దేశం చూసిందీ లేదు. అయినా ఆకులు రంగు మారే వేళకి పెరట్లో బల్లలు వేసి, నీలం తెలుపు గళ్ల గుడ్డలు పరిచి, అయినవాళ్లందర్నీ పిలుస్తారు.

అయోవా రాష్ట్రంలో మిసిసిపీ నది ఒడ్డున డావెన్‌పోర్ట్ అనే ఊరుంది. అక్కడి ఓ పాత ఇంట్లో ఒకావిడ నలభై ఏళ్లుగా ఈ పండగ చేస్తోంది. బడిపంతులుగా చేసి రిటైరైంది. 2024 నాటికి ఆవిడకు 71 ఏళ్లు. కొడుకూ కోడలూ షికాగోలో, కూతురూ అల్లుడూ డెన్వర్‌లో. మనవరాలికి 16, మనవడికి 11. వాళ్లు ఆవిడను ‘ఓమా’ అంటారు. జర్మన్‌లో అంటే నానమ్మ, అమ్మమ్మ... ఎవరైనా ఓమానే. ఆ కుటుంబంలో నోటి మీద మిగిలిన జర్మన్ అంతా కలిపితే, ఆ పిలుపూ నాలుగైదు వంటకాల పేర్లూ!

ఇందులో ఓ తమాషా ఉంది. ఆ ఇంటి పూర్వీకులు మ్యూనిక్ వాళ్లు కాదు, బవేరియా వాళ్లూ కాదు. ఉత్తరాన డెన్మార్క్‌ని ఆనుకుని ఉండే ష్లెస్‌విగ్-హోల్‌స్టైన్ నుంచి వచ్చారు. 1848లో అక్కడివాళ్లు డెన్మార్క్ రాజు మీద తిరగబడ్డారు. ఆ పోరాటం ఓడిపోయాక చాలామంది ఓడలెక్కి అమెరికా వచ్చారు. డావెన్‌పోర్ట్ వాళ్లకో పెద్ద స్థావరమైంది. వాళ్లకి తోలు నిక్కర్లూ తెలియవు, గుడారాల జాతరా తెలియదు. మాట్లాడే యాస కూడా వేరే.

అందుకే పండగ నాడు ఆ ఇంట్లో ఓ తగువు ఖాయం. అది బంగాళాదుంపల సలాడ్ గురించి! దక్షిణ జర్మనీలో ఉడికించిన దుంపల ముక్కల్లో వేడివేడి మాంసం చారూ, వెనిగరూ, నూనే పోసి కలుపుతారు. ఉత్తరాదివాళ్లు మయొనైజ్ వేసి చల్లగా తింటారు. ఆవిడది రెండో పద్ధతి. అల్లుడు ఉద్యోగం పని మీద రెండేళ్లు మ్యూనిక్‌లో ఉండొచ్చాడు. ‘‘అక్టోబర్‌ఫెస్ట్ అని పేరు పెట్టాక చారు పోసిందే అసలు సలాడ్’’ అంటాడు. ‘‘అలాగే బాబూ, నీ గిన్నె నువ్వు కలుపుకో’’ అంటుంది ఆవిడ. బల్ల మీద రెండు గిన్నెలూ పెడతారు. సాయంత్రానికి రెండూ ఖాళీ అవుతాయి.

మిగతా వంటలకు ఏ తగువూ లేదు. బ్రెట్సెల్‌కి పిండిని తాడులా సాగదీసి, చివరలు సన్నగా, నడుము లావుగా ఉండేలా ముడివేస్తారు. వంటసోడా వేసిన మరిగే నీళ్లలో అర నిమిషం ముంచి, పైన గళ్లుప్పు చల్లి, ఓవెన్లో పెడితే ముదురు గోధుమ రంగులోకి తిరుగుతాయి. ముడివేయడం పిల్లల పని. ఒక్కటీ ఒక్కలా రాదు. పెరట్లో నిప్పుల మీద సాసేజ్‌లు కాలుస్తారు. ఎర్ర క్యాబేజీని యాపిల్ ముక్కలతో మగ్గపెడతారు. ఆ రుతువులో దొరికే నీలం రంగు రేగు పండ్ల లాంటి ప్లమ్స్‌ని చీల్చి, పిండి మీద వరసగా పేర్చి కేక్ చేస్తారు. పెద్దలకు బీరు. పిల్లలకు యాపిల్ రసంలో సోడా.

వీటన్నిటికీ ముందు, నాలుగు వారాల ముందే, మొదలుపెట్టాల్సింది ఒకటుంది. సావర్‌క్రౌట్... పులిసిన క్యాబేజీ. దానికోసం వంటింటి మూల ఓ రాతి జాడీ ఉంది. అచ్చం మన ఆవకాయ జాడీ లాంటిదే, ఇంకాస్త పెద్దది. పక్క రాష్ట్రం మిన్నెసోటాలో ఇలాంటి జాడీలకు పేరున్న రెడ్‌వింగ్ అనే ఊళ్లో తయారైంది. దాదాపు 19 లీటర్లు పడుతుంది. అది ఆవిడ అమ్మమ్మది.

పది కిలోల క్యాబేజీని సన్నగా తరగాలి. కిలోకి 20 గ్రాముల లెక్కన ఉప్పు వేసి, రెండు చేతులతో గట్టిగా పిసకాలి. కాసేపటికి క్యాబేజీ మెత్తబడి నీరు వదులుతుంది. జాడీలో అదిమి అదిమి నింపి, పైన ఓ నిండు ఆకు కప్పి, పళ్లెం పెట్టి, దాని మీద బరువుంచాలి. ఊట ఎప్పుడూ క్యాబేజీ పైకి ఉండాలి. గాలి తగిలితే బూజు పడుతుంది. మర్నాడో మూడోనాడో బుడగలు మొదలవుతాయి. పాలు పెరుగయ్యేందుకు పనికొచ్చే సూక్ష్మజీవుల జాతివే ఇక్కడా పనిచేస్తాయి. వెనిగర్ చుక్క వేయకుండానే నెల తిరిగేసరికి పుల్లటి రుచి వచ్చేస్తుంది.

చిన్నప్పుడు అమ్మమ్మ పక్కన నిలబడి ఆవిడ ఈ పని నేర్చుకుంది. భాష మాత్రం నేర్చుకోలేదు. అమ్మమ్మ నేర్పలేదు. క్యాబేజీ పిసుకుతూ తనలో తాను ఏదో గొణుక్కునేదట. ‘‘ఏమంటున్నావ్?’’ అని అడిగితే ‘‘ఏం లేదు’’ అని ఇంగ్లిష్‌లో జవాబు!

ఆ ‘ఏం లేదు’ వెనక 1918 ఉంది. మొదటి ప్రపంచ యుద్ధంలో అమెరికా జర్మనీ మీద పోరాడుతున్న రోజులవి. ఆ ఏడాది మే 23న అయోవా గవర్నర్ విలియం హార్డింగ్ ఓ ప్రకటన చేశారు. బళ్లలో, బహిరంగ స్థలాల్లో, రైళ్లలో, ప్రార్థనల్లో, ఆఖరికి టెలిఫోన్లో కూడా ఇంగ్లిష్ తప్ప మరో భాష వినిపించకూడదు! దుకాణాల్లో సావర్‌క్రౌట్‌ని ‘లిబర్టీ క్యాబేజీ’ పేరుతో అమ్మిన కాలం అది. డావెన్‌పోర్ట్ ఉన్న స్కాట్ కౌంటీలోనే నలుగురు మహిళలు ఫోన్లో జర్మన్ మాట్లాడుకున్నారని 225 డాలర్ల జరిమానా వేశారు. అప్పట్లో ఒకే లైను మీద చాలా ఇళ్లుండేవి. ఎవరు మాట్లాడినా ఇంకొకరు వినొచ్చు.

అప్పటికి ఆ అమ్మమ్మకు 19 ఏళ్లు. కొత్తగా పెళ్లయింది. నది అవతల ఉండే అక్కతో రోజూ ఫోన్లో మాట్లాడేది. అక్కకి ఇంగ్లిష్ అంతంతమాత్రం. జరిమానా వార్త విన్నాక ఆ ఫోన్లు ఆగిపోయాయి. ఆ ఏడాది చివర్లో ప్రకటనని ఉపసంహరించుకున్నారు. కానీ 1919లో బళ్లలో ఇంగ్లిష్‌లోనే చెప్పాలంటూ చట్టమే తెచ్చారు. 1923లో సుప్రీంకోర్టు నెబ్రాస్కా, అయోవాల్లోని ఇలాంటి చట్టాలను కొట్టేసింది. అమ్మమ్మ మాత్రం మళ్లీ నోరు విప్పలేదు. పిల్లలకు ఒక్క ముక్క నేర్పలేదు. జాడీ నింపడం మాత్రం మానలేదు.

ఆవిడ దగ్గర అమ్మమ్మ వంటల పుస్తకం కూడా ఉంది. నల్ల అట్ట, నూనె మరకలు. ముందు సగం జర్మన్లో, అదీ పాతకాలపు గొలుసుకట్టు రాతలో. నడుమ ఓ పేజీ నుంచి ఉన్నట్టుండి ఇంగ్లిష్. తప్పుల తడక ఇంగ్లిష్. తేదీలేం లేవు కానీ ఎప్పుడు మారిందో ఊహించడం కష్టమేం కాదు. ముందు సగాన్ని ఆ ఇంట్లో ఎవరూ చదవలేదు, చదవలేరు కూడా.

2023 పండక్కి పెరట్లో పదహారు కుర్చీలు వేస్తే నలుగురే వచ్చారు. కూతురికి సెలవు దొరకలేదు. మనవరాలికి బళ్లో పోటీలు. దగ్గరి బంధువుల్లో ఇద్దరు ఆ ఏడే పోయారు. వండినదాంట్లో సగం చుట్టుపక్కల ఇళ్లకు పంచింది ఆవిడ. ఆ చలికాలంలో మోకాలికి ఆపరేషన్ అయింది. మెట్లెక్కడం కష్టమై, ఇల్లు అమ్మేసి రెండు గదుల ఫ్లాట్‌కి మారిపోవాలని నిర్ణయించుకుంది. 2024 జులైలో పిల్లలకు ఫోన్ చేసి చెప్పేసింది... ‘‘ఈసారి పండగ లేదు. జాడీ ఎవరికైనా ఇచ్చేస్తా.’’

కొడుకు ‘‘నీ ఇష్టం అమ్మా, శ్రమ పడకు’’ అన్నాడు. కూతురూ అదే మాట. వాళ్లది ప్రేమే. కానీ ఫోన్ పెట్టేశాక ఆవిడకు ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

వారం తర్వాత మనవరాలు ఫోన్ చేసింది. ‘‘ఓమా, క్యాబేజీ ఎప్పుడు తరగాలి?’’ అని. పండగ లేదని చెప్పారు కదా అంటే, ‘‘నువ్వు చేయొద్దు. మేం చేస్తాం. నువ్వు కుర్చీలో కూర్చుని చెప్పు’’ అంది. ఆ పిల్ల బళ్లో రెండేళ్లుగా జర్మన్ చదువుతోంది. అంతకుముందు వేసవిలో వచ్చినప్పుడు నల్ల పుస్తకం పేజీలన్నీ ఫొటోలు తీసుకెళ్లింది. పాత రాత తనకీ అర్థం కాలేదు. టీచరమ్మ ద్వారా ఆ లిపి తెలిసిన ఓ పెద్దాయన్ని పట్టుకుని చదివించుకుంది.

ఆగస్టు నెలాఖరు శనివారం మూడు గంటలు కారు నడుపుకుంటూ షికాగో నుంచి నలుగురూ దిగారు. బల్ల మీద క్యాబేజీల గుట్ట. మనవడు తరిగాడు. కొడుకూ కోడలూ పిసికారు. చేతులు మండుతున్నాయని కొడుకు గోల. అప్పుడు మనవరాలు కాగితం తీసి, పుస్తకంలో క్యాబేజీ గురించి ఉన్నది చదివి వినిపించింది. ఉప్పు కొలతా, పిసికే తీరూ అన్నీ ఆవిడకు తెలిసినవే. ఆఖరి వాక్యం మాత్రం తెలియదు. ఊట పైకి రాకపోతే ఇంకా పిసకాలి, చేతులు నొప్పెడితే అక్కని పిలవాలి... అని ఉందట అందులో.

వంటింట్లో కాసేపు ఎవరూ మాట్లాడలేదు. అమ్మమ్మ గొణుక్కున్నది ఆ మాటేనేమో ఎవరికి తెలుసు! ఆవిడ లేచి వచ్చి, చేతులు కడుక్కుని, కొడుకు పక్కన నిలబడి పిసకడం మొదలుపెట్టింది. మోకాలు నొప్పని ఎవరూ గుర్తుచేయలేదు.

సెప్టెంబరు 28న పండగ జరిగింది. పెరట్లో పద్నాలుగు మంది. డెన్వర్ నుంచి కూతురూ అల్లుడూ వచ్చారు. యథాప్రకారం సలాడ్ తగువు. ఏడు దాటి చీకటి పడ్డాక, ఉత్తర జర్మనీ పిల్లలు శరదృతువులో చేసినట్టే, మనవడూ ఇరుగుపొరుగు పిల్లలూ కాగితం లాంతర్లు పట్టుకుని వీధి చివరి దాకా నడిచొచ్చారు. ‘‘ఇదంతా అసలైన జర్మన్ పండగేనా?’’ అని పక్కింటాయన అడిగితే ఆవిడ నవ్వేసింది. ‘‘నీలం గళ్ల గుడ్డ బవేరియాది. లాంతర్లు మా ఉత్తరాదివి. ఈ జాడీ మిన్నెసోటాది. మనుషులంతా మావాళ్లే’’ అంది.

నవంబరులో ఇల్లు అమ్ముడైంది. జాడీని పాత దుప్పటిలో చుట్టి, కొడుకు కారు వెనక సీట్లో పెట్టి బెల్టు కూడా బిగించారు. నల్ల పుస్తకం మనవరాలి సంచిలోకి వెళ్లింది.

2025 సెప్టెంబరులో, షికాగో అపార్ట్‌మెంట్ వంటింట్లో క్యాబేజీ పులుస్తోంది. పండగ ఈసారి అక్కడే. ఓ సాయంత్రం ఆవిడ ఫ్లాట్‌లో ఫోన్ మోగింది. మనవరాలు. ఊట రంగు ఎలా ఉందో, రుచి ఎంత పులుపెక్కిందో గడగడా చెప్పుకుపోతోంది. అంతా జర్మన్లోనే! ఆవిడకు పదింటికి ఒక్క ముక్క అర్థమైందంతే. అయినా ఇంగ్లిష్‌లో చెప్పమని అడగలేదు. చివరిదాకా విని, తనకొచ్చిన ఒక్క మాటతో జవాబిచ్చింది.

‘‘గూట్... గూట్’’ అంది. బాగుంది, బాగుంది అని.