రాయిని అడిగి చెక్కేవాళ్లు

అమెరికాలో నేను ఎంబీఏ చదువుతున్న యూనివర్సిటీలో రెండో ఏడాది ఒక నియమం ఉంది. ప్రతి జట్టూ పది రోజులు పరాయి దేశం వెళ్లి, అక్కడ ఒక వ్యాపారం ఎలా పుట్టిందో, ఎలా నిలబడిందో చూసి రావాలి. మా జట్టులో ముగ్గురం. ఒకమ్మాయిది వియత్నాం, ఒకబ్బాయిది ఒహాయో. వాళ్లిద్దరూ బెంగళూరు అన్నారు. నేను నంద్యాల జిల్లా ఆళ్లగడ్డ అన్నాను. మేముండే ఊరి గుడిలో వేంకటేశ్వరుడి విగ్రహం అక్కడ చెక్కిందేనని పూజారిగారు ఒకసారి చెప్పారు. ఏడాదికి పైగా ఆ నల్లరాతి ముందు దండం పెడుతున్నాను. అది ఎవరి చేతుల మీదుగా వచ్చిందో తెలుసుకోవాలనిపించింది. వాళ్లు ఒప్పుకున్నారు.

హైదరాబాద్ నుంచి రాత్రి బస్సెక్కితే తెల్లవారకముందే నంద్యాలలో దిగాం. 2022 ఏప్రిల్ 4న జిల్లా కేంద్రమైన ఊరు ఇది. పొద్దున్నే కె.సి. (కర్నూలు-కడప) కాలువ గట్టుకు వెళ్లాం. వ్యాపారం చదివేవాళ్లు కాలువ దగ్గరేం చేస్తారని ఆటో అన్న అడిగాడు. ఈ కాలువ మొదట ఒక కంపెనీదన్నా, అన్నాను.

నిజంగానే కంపెనీది. 1858లో లండన్‌లో మద్రాస్ ఇరిగేషన్ అండ్ కెనాల్ కంపెనీ పుట్టింది. పది లక్షల పౌండ్ల పెట్టుబడి మీద 5 శాతం వడ్డీకి ప్రభుత్వమే హామీ ఇచ్చింది. సుంకేసుల దగ్గర తుంగభద్రకు ఆనకట్ట కట్టి, కర్నూలు నుంచి కడప దాకా 300 కిలోమీటర్లకు పైగా తవ్వారు. పొలాలకు నీళ్లు, సరుకుకు పడవలు, రెండువైపులా రాబడి అనుకున్నారు. నీళ్లు వచ్చాయి, కొనేవాళ్లు రాలేదు. ఇక్కడిది నల్లరేగడి నేల. వానకు తడిసిన పదునుతోనే జొన్న, పత్తి పండించుకునే రైతు, డబ్బు కట్టి నీళ్లెందుకు తీసుకుంటాడు? చివరికి 1882లో ప్రభుత్వమే కాలువను కొనేసింది. ఇప్పుడు మా ముందు అదే కాలువ కింద వరి పచ్చగా ఊగుతోంది. గట్టు మీద పంచె ఎగ్గట్టుకుని నిలబడ్డ పెద్దాయనకు ఈ కథ చెప్పాను. ఆయన ఓపిగ్గా విని, "ముందు మా వాళ్లను అడిగింటే సరిపోయేది కదమ్మా" అన్నాడు. ఆ మాటను ఒహాయో అబ్బాయికి ఇంగ్లీషులో చెబితే నోటుబుక్కు మొదటి పేజీలో రాసుకున్నాడు.

నంద్యాలలో రైతు అవసరం మీద నిలబడ్డ వ్యాపారమూ ఉంది. ఎస్.పి.వై. రెడ్డి బొంబాయిలో భాభా అణు పరిశోధన కేంద్రంలో ఉద్యోగం చేసేవారు. 1977లో అది వదిలేసి ఇటు వచ్చి, ప్లాస్టిక్ తయారీలో దిగి, నంది పైపులు పెట్టారు. తర్వాత మూడుసార్లు ఇక్కడి నుంచి ఎంపీ అయ్యారు. బోరు వేసిన ప్రతి రైతుకూ పైపు కావాలి. ఏ దుకాణం ముందు చూసినా కట్టలు కట్టలుగా పైపులు నిలబెట్టి ఉన్నాయి.

ఆళ్లగడ్డ అక్కడికి నలభై కిలోమీటర్లు. ఊళ్లోకి రాకముందే టకటకమని ఉలి చప్పుడు వినబడింది. రోడ్డు పక్కన రేకుల షెడ్లు, వాటి ముందు సగం తేలిన నందులు, తల ఇంకా రాని ఆంజనేయుడు, అంబేడ్కర్ విగ్రహం. ఈ ఊరి శిల్పానికి భౌగోళిక గుర్తింపు కూడా ఉంది. మేం వెళ్లిన శిల్పశాల యజమానికి డెబ్బై దాటాయి. నేను తాతా అన్నాను, ఆయన పాపా అన్నాడు.

"యాడ నుంచి వచ్చినారు?"

గుడి సంగతి చెప్పాను. మా వాళ్లదే అయ్యుంటాదని ఫోన్లో ఫొటో చూసి, వేలితో ముక్కు దగ్గర పెద్దది చేసి చూసి తలాడించాడు.

మా దగ్గర ప్రొఫెసర్ ఇచ్చిన ప్రశ్నల కాగితం ఉంది. సరుకు ఎప్పటికి ఇస్తారు? ముహూర్తానికి. ఆలస్యమైతే? "కాకూడదు. ప్రతిష్ఠ తేదీ పంతులుగారు పెట్టింటారు, కార్డులు పంచేసింటారు." కొలతలు? అప్పుడాయన ఒక దారం తీసుకుని, ఎర్రమట్టి గీతలున్న రాయి మీద ఆనించాడు. స్వామి విగ్రహం ఉత్తమ దశతాళంలో ఉండాలి, అంటే 124 అంగుళాలు. "టేపు మీది అంగుళం కాదు పాపా. విగ్రహం ఎత్తెంతో దాన్ని 124 భాగాలు చేస్తే వచ్చేదే ఆ విగ్రహం అంగుళం." జానెడు విగ్రహమైనా నిలువెత్తు విగ్రహమైనా లెక్క ఒక్కటే. ఇన్నాళ్ల చదువులో ఇంత తేలిగ్గా అర్థమైన లెక్క నాకింకొకటి లేదు.

విదేశాలకు పంపేటప్పుడు చెక్కపెట్టెకు వేడి పెట్టి పురుగు లేదని ముద్ర వేయించాలి, లేకుంటే రేవులో ఆగిపోతుంది. అదీ చెప్పాడు. విగ్రహం కళ్లు మాత్రం గుళ్లోనే తెరుస్తారట.

ఒహాయో అబ్బాయి అడిగాడు: చివరి రోజున ముక్కు దగ్గర పెచ్చు లేస్తే? తగ్గించి అమ్ముతారా? నేను తెలుగులో అడగ్గానే షెడ్డులో ఉలి చప్పుళ్లు ఆగిపోయాయి.

"దేవునికి తగ్గింపేముంటాది? భిన్నమైంది పూజకు పనికిరాదు. పక్కన పెట్టి, ఇంకో రాయి తెచ్చుకోవాల. నష్టం మాదే."

నెలల కూలి, రాయి ఖరీదు, అన్నీ ఒక్క దెబ్బతో పోతాయి. మా కాగితంలో ఆ గడికి జవాబు రాయడానికి చోటు చాలలేదు.

నన్ను బాధపెట్టింది ఇంకొకటుంది. గ్రైండర్ పట్టిన కుర్రాళ్లు ముఖాలకు తువ్వాళ్లు చుట్టుకున్నారు. కనుబొమ్మలన్నీ తెల్లగా ఉన్నాయి. రాతి దుమ్ములోని సిలికా ఊపిరితిత్తుల్లోకి చేరితే మళ్లీ బయటికి రాదు, సిలికోసిస్ వస్తే నయం చేసే మందు లేదు. నీళ్లు చల్లుతూ కోయడం, సరైన మాస్కు పెట్టుకోవడం పెద్ద ఖర్చేం కాదు. మా నివేదికలో ఏ పెట్టుబడికన్నా ముందు దాన్నే రాశాం. తాతకూ చెప్పాను. ఆయన కుర్రాళ్ల వైపు చాలాసేపు చూసి, ఆ మాస్కు పేరు కాగితం మీద రాసిమ్మన్నాడు.

మర్నాడు అహోబిలం వెళ్లాం. నల్లమలలో ఎగువ గుడి దాకా మెట్లెక్కి, స్తంభాల మీది శిల్పాల దగ్గర ఆగాం. వియత్నాం అమ్మాయి ఒక స్తంభానికి వేళ్లతో కొలతలు వేస్తూ, ముఖం ఎన్ని అంగుళాలని నన్ను అడిగింది. ఏ అంగుళం, టేపుదా విగ్రహానిదా, అన్నాను.

సాయంత్రం సెలవు తీసుకోవడానికి మళ్లీ శిల్పశాలకు వెళ్తే, అప్పుడే లారీలోంచి దించిన మూడు రాళ్లు నీడలో ఉన్నాయి. తాత చిన్న సుత్తి నా చేతికిచ్చాడు. గంటలా మోగేది పుంశిల, దేవుడికి. మెత్తగా పలికేది స్త్రీశిల, అమ్మవారికి. పలకనిది నపుంసక శిల, అది విగ్రహానికి కాదు. లోపల పగులున్నా గొంతులో తెలిసిపోతుంది. "ఉలి పెట్టకముందే అడగాల. పెట్టినాక అడిగితే ఏం లాభం?"

మొదటి రాయి మోగింది. రెండోదీ అలాగే మోగినట్టనిపించింది. పనివాళ్లు గ్రైండర్లు ఆపేశారు. మూడోదాన్ని కొట్టి, చెవి దగ్గరగా పెట్టి విని, తాత ముఖం వైపు చూశాను.

"ఇంకోసారి కొట్టు పాపా" అన్నాడు.