పర్చూరు కల్లంలో పింకీ తూకం

ఫిబ్రవరి నెలలో గుంటూరు నుంచి చిలకలూరిపేట మీదుగా చీరాల రోడ్డున ఎప్పుడైనా వెళ్లారా? వెళ్లకపోతే ఒక్కసారి బస్సులో కిటికీ పక్కన కూర్చుని వెళ్లండి. గుంటూరు మిర్చి యార్డు దగ్గరే తుమ్ములు మొదలవుతాయి. పేట దాటాక అన్నీ నల్లరేగడి చేలు. ఒకపక్క తీత అయిపోయి ఎండిన పత్తికట్టె, ఇంకోపక్క శనగ. మధ్యమధ్య కల్లాల్లో ఆరబోసిన మిరపకాయలు! దూరం నుంచి చూస్తే ఎవరో ఎర్ర పట్టుచీరలన్నీ వరసగా ఆరేసినట్టుంటుంది. ముక్కుకి కొంగు అడ్డం పెట్టుకోవడం మాత్రం మరచిపోకండి.

మా మేనత్త వాళ్లది పర్చూరు పక్కన పల్లెటూరు. 1970 దాకా గుంటూరు జిల్లా, తర్వాత ప్రకాశం, 2022 నుంచి బాపట్ల జిల్లా. "నేను కాపురానికొచ్చిన ఇల్లు కదల్లేదే, జిల్లాలే కదులుతున్నయ్" అంటుంది అత్తయ్య.

మావయ్య పోయి అప్పటికి ఆరు నెలలు. పిల్లలిద్దరూ అమెరికాలో ఉన్నారు. ఇంట్లో అత్తయ్యా, పింకీ. పింకీ అంటే మావయ్య పెంచిన తెల్ల బొచ్చుకుక్క. మనం వీటన్నిటినీ పమేరియన్ అనేస్తాం గానీ, మన దగ్గర ఉండేవి చాలావరకు ఇండియన్ స్పిట్జ్ జాతివి. 1994లో వచ్చిన 'హమ్ ఆప్కే హై కౌన్'లో టఫీ గుర్తుందా? అదీ ఆ జాతే. ఆ సినిమా వచ్చాక టౌన్లలో ఇంటికొకటి కనిపించేది.

గేటు తియ్యగానే మీదికి దూకే పింకీ ఈసారి అరుగు మీంచి లేవలేదు. ఎత్తుకుంటే చేతికి బొచ్చే తగిలింది. బొచ్చు కింద పక్కటెముకలు ఒక్కొక్కటీ లెక్కపెట్టొచ్చు. వెన్నుపూస దువ్వెన పళ్లలా గుచ్చుకుంది. బొచ్చు కుక్కలతో ఇదే చిక్కు, పైకి బొద్దుగానే కనపడతాయి. వారానికోసారైనా అరచేత్తో పక్కలు తడిమి చూడాలి. ఎముకలు చేతికి తెలియాలి గానీ గుచ్చుకోకూడదు.

"ఆయన పోయినకాణ్ణించి సరిగ్గా తింటంలా. బెంగ పెట్టుకుంది" అంది అత్తయ్య. బెంగ నిజమే కావచ్చు. కానీ ఏం పెడుతున్నావు అని అడిగితే, తను తిన్నదే పెడుతున్నానంది. అంటే గోంగూర పచ్చడన్నం, ఉల్లిపాయల పులుసు, గుంటూరు కారం! మావయ్య ఉన్నప్పుడు దానికి విడిగా వండించేవాడు. ఇప్పుడు తన ఒక్కదానికే పొయ్యి వెలిగించాలనిపించడం లేదట. ఉన్న పచ్చడి మెతుకులే ఇద్దరికీ.

మర్నాడు పశువుల ఆసుపత్రికి తీసుకెళ్లాం. డాక్టరమ్మ చిన్నపిల్ల, ఓపిక గల మనిషి. ముందు చిగుళ్లు చూసింది, తెల్లగా పాలిపోయి ఉన్నాయి. చెవుల్లో, కాలివేళ్ల సందుల్లో గోమార్లు. రక్తం తీయించి గుంటూరు పంపింది. గోమార్ల వల్ల వచ్చే జ్వరం అని తేలింది. రక్తం తగ్గిపోతుంది, ఆకలి చచ్చిపోతుంది, పైకి బెంగలాగే ఉంటుందట! నాలుగు వారాల మాత్రలు రాసింది, అన్నం తిన్నాకే వెయ్యమంది. బరువును బట్టి నులిపురుగుల మందు, రెండు వారాలకు మళ్లీ ఇంకోసారి. గోమార్లకు మెడ వెనక వేసే చుక్కల మందు.

అక్కడే ఉన్న ఒకాయన "ఎందుకమ్మా అయ్యన్నీ, పత్తికి కొట్టే మందు చుక్క నీళ్లల్లో కలిపి పోస్తే గోమార్లు రాలిపోతయ్" అన్నాడు. డాక్టరమ్మ చేస్తున్న పని ఆపి ఆయన వైపు తిరిగింది. ఆ మందు చర్మంలోంచి దిగుతుంది, పైగా కుక్క ఒళ్లు నాకుతుంది, పొద్దున పోస్తే సాయంత్రానికి చచ్చిపోతుంది అని గట్టిగానే చెప్పింది. ఈ సీమలో ప్రతి ఇంటి వసారాలో మందు డబ్బాలుంటాయి. 1980ల చివర్లో పత్తి మీద తెల్లదోమ, 2021లో మిరప మీద నల్ల తామర పురుగు... పురుగు మారుతుంది గానీ డబ్బాలు తగ్గవు. అత్తయ్య ఇంటికి రాగానే ఖాళీ డబ్బాలన్నీ ఏరి గొడ్లసావిట్లో పెట్టి తాళం వేసింది.

ఇక తిండి. మెత్తగా ఉడికించిన అన్నం, దానికి సమానంగా ఎముకల్లేని కోడిమాంసం, ఉడికించిన గుమ్మడికాయ ఒక చెంచా. ఉప్పూ కారం లేవు. ఉల్లి, వెల్లుల్లి అసలు ముట్టించకూడదు. అవి కుక్క రక్తాన్ని విరిచేస్తాయి. అసలే రక్తం లేని దానికి ఇన్నాళ్లూ పులుసు పోశామన్నమాట! ఉడికిన ఎముకలు చీలి పేగులకు గుచ్చుకుంటాయి. ద్రాక్ష, కిస్మిస్ వద్దు. రోజు విడిచి రోజు సగం కోడిగుడ్డు. ఒకేసారి గిన్నెడు పెడితే విరేచనాలవుతాయి కాబట్టి, గుప్పెడు గుప్పెడుగా రోజుకు నాలుగుసార్లు. నెల తర్వాత ప్యాకెట్ తిండి కొద్దికొద్దిగా కలపమంది. ఇంటి అన్నమొక్కటే ఏళ్లతరబడి పెడితే కాల్షియం చాలదట.

"నెయ్యి ఎయ్యకపోతే ఒళ్లెట్టా వస్తది డాక్టరమ్మా? సున్నుండ పెట్టనా పోనీ?" అంది అత్తయ్య. నెయ్యి ఎక్కువైతే కడుపులో క్లోమం వాచి ప్రాణం మీదికొస్తుందని ఆవిడ చెబితే మా అత్తయ్య నమ్మినట్టు కనిపించలేదు. గుంటూరు మనిషికి నెయ్యి వద్దని చెప్పి ఒప్పించడం ఎవరి తరం చెప్పండి!

మావయ్య టీకాల పుస్తకంలో తన చేత్తో రాసిన తూకం 5.2 కిలోలు. ఆసుపత్రిలో తూస్తే 3.8. అంటే నాలుగో వంతు పైనే పోయింది. యాభై కిలోల మనిషి ముప్పై ఏడుకు దిగితే ఎలా ఉంటుందో ఆలోచించండి. వారానికోసారి తూచి చెప్పమంది డాక్టరమ్మ. ఇంట్లో తూచే మిషన్ ఎక్కడిది? పక్కింటి వాళ్ల కల్లంలో మిర్చి టిక్కీలు తూచే కాటా ఉంది. ఆడవాళ్లు తాలుకాయలు ఏరుతూ కూర్చున్నారు. కాటా మీద పింకీ ఒక్క క్షణం నిలబడితేనా! ఘాటుకి తుమ్మడం, దూకడం. చివరికి అత్తయ్య దాన్ని ఎత్తుకుని ఎక్కింది, 45 కిలోలు. తర్వాత తనొక్కతే ఎక్కింది, 41.2. తీసేస్తే పింకీ 3.8, ఆసుపత్రి లెక్కే. "అమ్మగారో, కుక్క టిక్కీ ఎంత తూగింది?" అని అందరూ ఒకటే నవ్వు.

నేను మాత్రం ఆ 41.2 దగ్గరే ఆగిపోయాను. మావయ్య ఉన్నప్పుడు అత్తయ్య యాభైకి తక్కువ ఉండేది కాదు. ఏమీ అనలేదు. క్యాలెండర్ వెనక రెండు గడులు గీశాను, ఒకటి పింకీకి, ఒకటి అత్తయ్యకి. "నాదెందుకే మధ్యలో?" అంది. "నీది తీసెయ్యకపోతే దానిది తేలదుగా" అన్నాను. దానికి వండినప్పుడల్లా, అదే పొయ్యి మీద తనకూ కాస్త కూర పడేసుకోమని చెప్పి బస్సెక్కాను.

తర్వాత ప్రతి ఆదివారం ఫోను. మొదటి రెండు వారాలు పింకీ కదల్లేదు, వంద గ్రాములు కూడా పెరగలేదు. అత్తయ్య గొంతు నీరసపడింది. జ్వరం లోపల్నుంచి తగ్గాలి, కంగారుపడొద్దని డాక్టరమ్మ చెప్పిందట. మూడో వారం నుంచి వారానికి వంద, నూట యాభై చొప్పున ఎక్కింది. మళ్లీ రక్తం పరీక్ష చేస్తే మెరుగ్గా వచ్చింది. టిక్కీలు యార్డుకు వెళ్లిపోయి కల్లం ఖాళీ అయ్యాక, కిరాణా కొట్టువాళ్ల కాటా మీద తూచారు.

ఏప్రిల్ చివర్లో ఒక ఆదివారం ఫోనెత్తగానే "నాలుగూ తొమ్మిది వందలు!" అంది. వెనక పింకీ ఎవరి మీదో అరుస్తోంది.

"మరి రెండో గడి చెప్పవేం అత్తయ్యా?"

"నువ్వు అడిగింది కుక్క సంగతి గదా."

"ఇప్పుడు అడుగుతున్నా."

కాసేపు మాట్లాడలేదు. క్యాలెండర్ తిప్పిన చప్పుడు వినిపించింది.

"నలభై మూడున్నర" అంది. "పొయ్యి మీద గుమ్మడికాయ ఉడుకుతోంది, ఉంటా."